కొత్త ఇంట్లో స్మార్ట్ వైరింగ్: స్లాబ్ వేయకముందే తేల్చుకోవాల్సినవి (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. లెక్కలు వచ్చినచోట రెండు అంతస్తులు, మూడు పడకగదులు, సుమారు 1,800 చదరపు అడుగుల ఇంటిని దృష్టిలో పెట్టుకున్నాం. ఏ కంపెనీ స్విచ్ మంచిదన్న చర్చ ఇక్కడ ఉండదు. స్విచ్ నాలుగైదేళ్ళకు మారిపోతుంది, స్లాబులో వేసిన పైపు ఇల్లున్నంతకాలం ఉంటుంది. మా శ్రద్ధంతా ఆ పైపు మీదే.

ఇవన్నీ గృహప్రవేశం అయ్యాక చూసుకుంటే కుదరదా?

బల్బులు, ప్లగ్గులు, స్పీకర్లు అప్పుడైనా కొనుక్కోవచ్చు. తర్వాత కుదరనివి మూడే: స్లాబులో పైపు, గోడలో లోతైన బాక్సు, ప్రతి బోర్డులో న్యూట్రల్ (కరెంటు తిరిగివెళ్ళే తీగ). సెంట్రింగ్ మొదలయ్యేలోపు ఈ మూడూ ప్లాను మీద గుర్తులుగా పడాలి. లప్పం, రంగులు అయిపోయాక గోడ పగలగొట్టిస్తే ఆ అతుకు వెలుతురు పక్కనుంచి పడ్డప్పుడల్లా కనిపిస్తూనే ఉంటుంది.

మంచం ఎటు తలపెట్టి వేస్తారు, టీవీ ఏ గోడకు, బీరువా ఎక్కడ అన్నది కూడా అప్పుడే అనుకోవాలి. అది తేలకుండా ఎలక్ట్రికల్ ప్లాను గీయిస్తే మంచం పక్క బోర్డు బీరువా వెనక్కి పోతుంది.

స్లాబ్ రోజు ఎలక్ట్రీషియన్ ఉండాలా? ముందురోజు పైపులు వేసి వెళ్ళిపోతానంటున్నాడు.

ఉండాలి. కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఒక మనిషి అక్కడే ఉండాలని ముందే మాట్లాడుకోండి. వైబ్రేటర్ సూది తగిలి కప్లర్ దగ్గర పైపు ఊడుతుంది. బొచ్చెలు మోసేవాళ్ళ కాలు పడి బెండు నొక్కుకుపోతుంది. ఫ్యాన్ బాక్సు మూత లేచి సిమెంటు పాలు లోపలికి దిగుతాయి. ఇవన్నీ అప్పటికప్పుడు రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు. మర్నాటికి అక్కడ రాయే ఉంటుంది.

పైపు కింది కడ్డీల జాలి మీద, పై కడ్డీలకు కింద పోవాలి. నాలుగైదు పైపులు ఆనుకుని ఒకే వరుసలో పోతే వాటి మధ్యకు కాంక్రీటు దిగదు, స్లాబు అక్కడ బలహీనపడుతుంది. పైపుకూ పైపుకూ రెండంగుళాల ఎడం వదలాలి. బీము రింగులు కోసి పైపు దూర్చడం అసలు ఒప్పుకోవద్దు.

ఐఎస్‌ఐ గుర్తున్న మీడియం లేదా హెవీ గేజ్ పీవీసీ పైపే వాడించండి. పల్చటిది ఎండకే వంగిపోతుంది. ప్రతి అతుకుకూ సొల్యూషన్ పూయాలి, ఊరికే దూర్చి వదిలేస్తే చాలదు. మలుపుల్లో ఎల్బో కాకుండా లాంగ్ బెండు వేయాలి. రెండు బాక్సుల మధ్య 90 డిగ్రీల మలుపులు రెండు మించితే ల్యాన్ కేబుల్ లాగడం నరకం. మూడోది తప్పదంటే మధ్యలో జంక్షన్ బాక్సు పెట్టించండి.

ఖాళీ పైపులు ఎన్ని వేయించాలి? ఎక్కడెక్కడ?

ఇంటి మొత్తం ఖర్చులో ఖాళీ పైపు ఖర్చు లెక్కలోకి రాదు. మేం అడిగేవి ఇవి: టీవీ గోడలో అడుగు ఎత్తు బాక్సు నుంచి టీవీ వెనక బాక్సు దాకా ఒకటిన్నర లేదా రెండంగుళాల పైపు. హెచ్‌డీఎంఐ ప్లగ్గు తల 25 ఎంఎం పైపులో దూరదు. కింది అంతస్తు రాక్ (రౌటర్, ల్యాన్ పరికరాలన్నీ ఒకేచోట పెట్టే అర) నుంచి పై అంతస్తుకు 32 ఎంఎం పైపులు రెండు, అక్కడి నుంచి మేడ మీదికి ఒకటి. వీధి స్తంభం వైపు నుంచి రాక్ దాకా ఫైబర్‌కు ఒక 25 ఎంఎం. గేటు దగ్గరి నుంచి ఇంట్లోకి నేలలో రెండు, ఒకటి కరెంటుకు, ఒకటి సిగ్నల్‌కు.

ప్రతి ఖాళీ పైపులో నైలాన్ తాడు వదిలి, రెండు చివరలా మూత వేసి, మూత మీద ఎక్కడికి పోతుందో రాయించండి. ఫైబర్ పైపుకు ఎల్బో పనికిరాదు. బిగుతుగా మడిస్తే లోపలి గాజు తీగ విరిగి నెట్ ఆగిపోతుంది.

న్యూట్రల్, న్యూట్రల్ అంటారు. బోర్డులో ఎలాగూ ఉంటుంది కదా?

ప్లగ్ పాయింటు ఉన్న బోర్డులో ఉంటుంది. లేనిచోట చాలాసార్లు ఉండదు. మామూలు వైరింగులో ఫేజ్ బోర్డుకు వచ్చి, స్విచ్ దాటి రిటర్న్ వైరుగా లైటుకు పోతుంది. న్యూట్రల్ బోర్డు దాకా రాకుండా పై జంక్షన్ బాక్సు నుంచే లైటుకు వెళ్ళిపోతుంది. స్విచ్‌కు అది అక్కర్లేదు కాబట్టి ఎలక్ట్రీషియన్ చేసింది తప్పు కాదు. కానీ స్మార్ట్ మాడ్యూల్ (స్విచ్ వెనక బిగించి, ఫోన్‌తో కూడా నడిపించే చిన్న పెట్టె) లోపల చిన్న రేడియో, చిన్న ప్రాసెసర్ ఇరవై నాలుగు గంటలూ మేల్కొని ఉండాలి. దానికి ఫేజ్, న్యూట్రల్ రెండూ కావాలి.

న్యూట్రల్ లేకుండా పనిచేసే స్విచ్‌లూ దొరుకుతాయి. అవి లైటు గుండానే కొద్దిపాటి కరెంటు లాక్కుంటాయి. 5 వాట్ల ఎల్‌ఈడీకి ఆ కొద్దీ ఎక్కువే. రాత్రి లైటు ఆపి పడుకుంటే కప్పులో బల్బు మినుకుమినుకుమంటూనో, బూడిదరంగులో సన్నగా వెలుగుతూనో కనిపిస్తుంది. దానికి విరుగుడుగా లైటుకు సమాంతరంగా ఒక కెపాసిటర్ కట్టాలి. కొత్త ఇంట్లో ఈ తిప్పలు కొని తెచ్చుకోవడం ఎందుకు?

మర్చిపోయే బోర్డులు ఇవి: మంచానికి రెండో పక్క టూ-వే (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసే) బోర్డు, మెట్ల పైన, మెట్ల కింద, బాత్రూం బయట, పోర్టికో, బాల్కనీ. ఎలక్ట్రీషియన్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే “ప్రతి బోర్డుకూ న్యూట్రల్, ఎర్త్” అని ఒక వాక్యం రాయించండి. పాయింటు లెక్కన పనిచేసేవాళ్ళకు ఇది అదనపు వైరు, ఆ డబ్బు మాట్లాడి ఇవ్వాలి.

ఒక జాగ్రత్త. బోర్డుకు ఏ సర్క్యూట్ ఫేజ్ వస్తే అదే సర్క్యూట్ న్యూట్రల్ రావాలి. దగ్గర్లో దొరికిందని వేరే ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు తెంపే రక్షణ స్విచ్) కింది న్యూట్రల్ తగిలిస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. వేరే దారిన తిరిగొస్తే దానికి లీకేజీ కిందే లెక్క.

స్మార్ట్ మాడ్యూల్ మామూలు బాక్సులో పడుతుందా?

కష్టపడితే పడుతుంది, తర్వాత వేడెక్కుతుంది. మార్కెట్లో మామూలుగా ఇచ్చే మాడ్యులర్ బాక్సు లోతు సుమారు 50 ఎంఎం. అందులో స్విచ్ వెనకభాగమే సగం తీసుకుంటుంది. మిగిలిన జాగాలో ఆరు స్విచ్‌ల రిటర్న్‌లు, ఫేజ్ లూపు, న్యూట్రల్, ఎర్త్ మడతపెట్టి, వాటి మీద అగ్గిపెట్టెంత మాడ్యూల్ కుక్కితే ప్లేటు స్క్రూ బిగుసుకోదు. బలవంతంగా బిగిస్తే ఏదో ఒక వైరు టెర్మినల్‌లో వదులవుతుంది. వదులైనచోట నిప్పురవ్వ లేస్తుంది, ప్లాస్టిక్ కరుగుతుంది.

60 నుంచి 65 ఎంఎం లోతు బాక్సులు అడిగి తెప్పించుకోండి. దొరక్కపోతే ఒక సైజు పెద్దది పెట్టించండి: 6 మాడ్యూల్ కావాల్సినచోట 8, 8 కావాల్సినచోట 12. మిగిలిన గడులకు బ్లాంక్ ప్లేట్ వేస్తే సరి.

నాలుగున్నర అంగుళాల గోడకు అటూ ఇటూ సరిగ్గా ఎదురెదురుగా బాక్సులు పెట్టించవద్దు. ఇటుక మందం 115 ఎంఎం. రెండు 60 ఎంఎం బాక్సులు కలిస్తే 120. మేస్త్రీ గోడ ఆరపార కొట్టేస్తాడు, ఒక గదిలో మాట రెండో గదిలో వినిపిస్తుంది. కనీసం అడుగు పక్కకు జరపాలి. గాడి కొట్టినచోట కోడిమెష్ కట్టి ప్లాస్టర్ చేయించకపోతే రంగు వేశాక అదే గీతన పగులు వస్తుంది.

మెట్ల లైటుకు టూ-వే ఉంది. అది స్మార్ట్ అవుతుందా?

అవుతుంది, కానీ మామూలు టూ-వే వైరింగును యథాతథంగా ఉంచి కాదు. మాడ్యూల్ ఒకే బోర్డులో ఉంటుంది. రెండో స్విచ్ లైటును నేరుగా నడపదు, మాడ్యూల్‌కు సంకేతం మాత్రం ఇస్తుంది. కాబట్టి రెండు బోర్డుల మధ్య మామూలు రెండు వైర్లకు తోడు ఇంకొకటి అదనంగా లాగించి ఉంచండి. కొనేముందు మాడ్యూల్ కాగితంలో టూ-వే కనెక్షన్ బొమ్మ ఉందో లేదో చూడండి.

వైర్లు ఏ సైజు? డీబీ (ఇంటి సర్క్యూట్లన్నీ చేరే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) ఎంత పెద్దది?

లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర వైరు. ప్లగ్ పాయింట్లకు రెండున్నర. ఏసీ, గీజరు, వంటింటి పవర్ పాయింట్లకు నాలుగు. అన్నీ స్క్వేర్ ఎంఎంలో, రాగి, ఎఫ్ఆర్ (మంట పాకనివ్వని) రకం. నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు తప్ప దేనికీ వాడనివ్వకండి. కాయిల్ అయిపోయిందని నల్ల వైరును రిటర్న్‌గా లాగితే, రేపు మాడ్యూల్ బిగించేవాడు అది న్యూట్రల్ అనుకుని కాలుస్తాడు.

డీబీలో ఇప్పుడు కావాల్సినదానికి మూడోవంతు ఖాళీ ఎక్కువ ఉండాలి. 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ ఇంటి మొత్తానికి ఒక్కటి కాక అంతస్తుకొకటి పెడితే, కింద గీజరు లీకైనా పైన ఫ్రిజ్ ఆగదు. టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఎర్త్‌కు మళ్ళించేది) తప్పనిసరి. పిడుగు పడే కాలంలో ముందు చచ్చేవి స్మార్ట్ మాడ్యూళ్ళు, రౌటర్, టీవీయే. అయితే ఎర్తింగ్ బాగాలేకపోతే సర్జ్ ప్రొటెక్టర్ ఉండీ లాభం లేదు. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు వచ్చిందని మీటరు పెట్టి చూపించమనండి.

ఇన్వర్టర్ మీద ఏవేవి ఉండాలి?

నెట్ పెట్టె, రౌటర్, ల్యాన్ స్విచ్, కెమెరా రికార్డర్, డోర్‌బెల్, స్మార్ట్ హబ్ (మాడ్యూళ్ళన్నిటినీ కలిపి నడిపే పెట్టె). వీటి తర్వాతే లైట్లు, ఫ్యాన్లు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్ గుయ్యిమంటుంది, మాడ్యూళ్ళ పవర్ సప్లై వేడెక్కుతుంది.

ఇన్వర్టర్ సర్క్యూట్ల న్యూట్రల్ విడిగా ఉండాలి, మెయిన్ న్యూట్రల్ బార్‌లో కలపకూడదు. కరెంటు ఉన్నంతసేపూ అంతా బాగుండి, పోగానే లేదా రాగానే ఆర్‌సీసీబీ పడుతోందంటే ముందు వెతకాల్సింది ఇక్కడే.

స్మార్ట్ బల్బుల గురించి ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. కరెంటు పోయి వస్తే చాలా బల్బులు వాటంతటవే వెలుగుతాయి. రాత్రి రెండింటికి కరెంటు వస్తే పడకగదులన్నీ పట్టపగలవుతాయి. యాప్‌లో ‘పవర్ ఆన్ స్టేట్’ అన్న సెట్టింగును ‘ఆఫ్’కో ‘మునుపటి స్థితి’కో మార్చుకోవాలి. ఆ సెట్టింగు లేని బల్బు మన ఊళ్ళకు పనికిరాదు. అందుకే బల్బు కంటే స్విచ్‌నే స్మార్ట్ చేయమంటాం.

అన్నీ వైఫై కదా, ల్యాన్ వైర్లు ఎందుకు?

కదలని వస్తువులన్నీ వైరు మీద ఉంటేనే కదిలే వస్తువులకు వైఫై మిగులుతుంది. ఇటుక గోడ, ఆర్‌సీసీ స్లాబు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను గట్టిగా ఆపేస్తాయి. హాల్లో పెట్టిన ఒక్క రౌటర్ పై అంతస్తు మూలగదికి చేరదు.

మన ఇంటి లెక్క: టీవీలకు 2, అంతస్తుకొక సీలింగ్ యాక్సెస్ పాయింటుకు (వైఫై అందించే పెట్టెకు) 2, కెమెరాలకు 4, డోర్‌బెల్‌కు 1, పని బల్లల దగ్గర 2, మేడ మీద 1. మొత్తం 12. సగటున 18 మీటర్ల చొప్పున 216 మీటర్లు. 305 మీటర్ల క్యాట్ 6 ల్యాన్ కేబుల్ బాక్సు ఒకటి సరిపోతుంది, రాక్ దగ్గర మీటరు, పాయింటు దగ్గర అరమీటరు వదులు ఉంచుకున్నా మిగులుతుంది. ప్రతి కేబులూ రాక్ దగ్గరికే నేరుగా రావాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి లూపు కొట్టకూడదు. 25 ఎంఎం పైపులో నాలుగు, 20 ఎంఎంలో రెండు, అంతకు మించి తోయొద్దు.

కేబుల్ తెచ్చినరోజే ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే రాగిపూత పూసిన అల్యూమినియం. అది వంచితే విరుగుతుంది, కెమెరాకు అదే కేబుల్ మీద కరెంటు పంపితే దూరంలో వోల్టేజీ పడిపోయి రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటు వెలగ్గానే కెమెరా ఆగి మళ్ళీ మొదలవుతుంది.

కరెంటు పైపుకూ ల్యాన్ పైపుకూ కనీసం అడుగు దూరం. దాటాల్సి వస్తే ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటాలి. ఒకే పైపులో రెండూ ఎప్పుడూ వద్దు, అది ప్రాణాలకే ప్రమాదం.

వైఫై, జిగ్‌బీ, మ్యాటర్, కేఎన్ఎక్స్. ఏది ఎంచుకోవాలి?

పది స్విచ్‌ల దాకా వైఫై చాలు. అంతకు మించితే జిగ్‌బీ (హబ్ ద్వారా నడిచే, వైఫై కాని వైర్‌లెస్ పద్ధతి) మేలు. న్యూట్రల్ ఉన్న ప్రతి జిగ్‌బీ మాడ్యూలూ పక్కదానికి సిగ్నల్ అందిస్తుంది కాబట్టి ఇల్లు పెద్దదైనకొద్దీ బలపడుతుంది. మ్యాటర్ అన్నది 2022 అక్టోబరులో వచ్చిన ఉమ్మడి ప్రమాణం. వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకే యాప్‌లో కలవడానికి పనికొస్తుంది, కొత్తగా కొనేవాటిలో ఆ గుర్తు ఉంటే మంచిదే.

కేఎన్ఎక్స్ దారి వేరు, అది వైర్ల మీద నడిచే పద్ధతి. గోడ మీద ఉండేది బటన్ మాత్రమే, దానికి ఆకుపచ్చ తొడుగు బస్ కేబుల్ వెళ్తుంది. ప్రతి లైటు, ప్రతి ఫ్యాను వైరూ నేరుగా డీబీకి రావాలి, రిలేలన్నీ (సంకేతం అందగానే కరెంటు కలిపే, తెంపే స్విచ్‌లు) అక్కడే ఉంటాయి. వైరు చాలా ఎక్కువ పడుతుంది, డీబీ బీరువా అంత అవుతుంది. దశాబ్దాలు నిలిచే వ్యవస్థ, ఖర్చూ ఆ స్థాయిలోనే. దీన్ని స్లాబుకు ముందే నిర్ణయించుకోవాలి, సగంలో మనసు మార్చుకోవడం కుదరదు.

వైఫై స్విచ్‌లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. సెటప్ మొరాయిస్తుంటే రౌటర్‌లో ఆ బ్యాండ్‌కు విడి పేరు పెట్టి చూడండి.

స్మార్ట్ రెగ్యులేటర్ పెట్టాం, బీఎల్‌డీసీ ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతోంది. ఎందుకు?

బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌లో వేగం మార్చే సర్క్యూటు దాని లోపలే ఉంటుంది. దానికి ఎప్పుడూ పూర్తి 230 వోల్టులే అందాలి. రెగ్యులేటర్ వోల్టేజీ తగ్గిస్తే ఆ సర్క్యూటు తడబడుతుంది, కొన్నాళ్ళకు పోతుంది. ఫ్యాన్ బీఎల్‌డీసీ అయితే మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ చాలు, వేగం దాని రిమోట్‌తోనో యాప్‌తోనో మార్చుకోవాలి. పాత రకం ఫ్యాన్‌కు మాత్రమే స్మార్ట్ రెగ్యులేటర్.

గీజరు, ఏసీ?

గీజరు 2 కిలోవాట్లయితే దాదాపు 9 ఆంపులు, 3 కిలోవాట్లయితే 13. మాడ్యూల్ మీద 16 ఆంపులని రాసి ఉన్నా, మూసిన బాక్సులో గంటసేపు 13 ఆంపులు పోతే ఉడికిపోతుంది. డీబీలో 25 ఆంపుల కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే, కాయిల్‌తో నడిచే స్విచ్) పెట్టి, దాని కాయిల్‌ను మాత్రం స్మార్ట్ రిలేతో నడపండి.

ఏసీకి రిలేతో కరెంటు తెంపకండి. కంప్రెసర్ నడుస్తుండగా తెంపి వెంటనే ఇస్తే దానికే దెబ్బ. రిమోట్ సంకేతాలు పంపే ఐఆర్ బ్లాస్టర్ సరిపోతుంది, ఏసీకి ఎదురుగా అడ్డం లేని చోట దానికొక ప్లగ్ ఉంచండి.

సంపు, బోరు, పైట్యాంకు మోటార్లు ఆటోమేటిక్‌గా నడవాలంటే?

మన ఇళ్ళలో నిజంగా రోజూ అక్కరకొచ్చే ఆటోమేషన్ ఇదే, వైరింగులో అందరూ మర్చిపోయేదీ ఇదే. పైట్యాంకు నుంచి స్టార్టర్ దాకా ఒకటి, సంపు నుంచి స్టార్టర్ దాకా ఒకటి, 20 ఎంఎం పైపులు విడిగా వేయించి నాలుగు తీగల కేబుల్ లాగించండి. పైపు లేకపోతే ఆ వైరు పిట్టగోడ మీదనుంచి వేలాడుతూ రెండు వేసవులకే ఎండకు పొడిపొడి అవుతుంది.

స్మార్ట్ ప్లగ్‌తో మోటారు నడపొద్దు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. రిలే లోపలి కాంటాక్టులు ఆ వేడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, పైట్యాంకు నిండి నీళ్ళు వీధిలోకి పోతాయి. సంపు ఖాళీ అయితే పంపు సీలు కాలుతుంది. కాంటాక్టర్ ఉన్న ఆటో స్టార్టర్ తీసుకుని, డ్రై రన్ (నీళ్ళు లేకుండా తిరగడం) రక్షణ ఉందని చూసుకోండి. పచ్చ, ఎర్ర బటన్లున్న పాత స్టార్టర్‌కు నేరుగా రిలే తగిలిస్తే పనిచేయదు, అది ఒకసారి నొక్కి వదిలేస్తే పట్టుకునే రకం.

నీటి మట్టానికి ఫ్లోట్ స్విచ్ అన్నిటికన్నా నమ్మకమైనది. స్టీలు కడ్డీల ఎలక్ట్రోడ్‌లకు బోరు నీళ్ళలో తెల్లటి సున్నం పేరుకుంటుంది, కొన్ని నెలలకు ట్యాంకు నిండినా నిండలేదని చెబుతాయి. అవే ఉంటే ట్యాంకు కడిగినప్పుడల్లా గీకి శుభ్రం చేయాలి.

కెమెరాలు, డోర్‌బెల్, కర్టెన్లకు ఏం వదలాలి?

ఇంటి నాలుగు మూలలా స్లాబు అంచు కింద ఒక్కో క్యాట్ 6. కరెంటు దాని మీదే వెళ్తుంది కాబట్టి విడిగా ప్లగ్ అక్కర్లేదు. డోర్‌బెల్ నాలుగున్నర నుంచి ఐదడుగుల ఎత్తులో, క్యాట్ 6తో పాటు రెండు తీగల వైరు. కర్టెన్ మోటారుకు కిటికీ పైన ఒక మూల ప్లగ్, పెల్మెట్ లోపల దాగేలా. రికార్డర్‌ను హాల్లో టీవీ కింద పెట్టొద్దు. దొంగ మొదట ఎత్తుకుపోయేది దాన్నే.

సోలార్, కరెంటు కారు తర్వాత పెట్టుకుంటాం. ఇప్పుడేం చేయాలి?

మేడ నుంచి మీటరు దాకా రెండు 32 ఎంఎం పైపులు, సోలార్ ఎర్తింగులకు దిగువన స్థలం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన గృహ కనెక్షన్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది, చాలామంది ఇల్లు కట్టిన ఏడాదికే అటు వెళ్తున్నారు. కారుకు పోర్టికోలో డీబీ నుంచి నేరుగా 6 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి విడి ఆర్‌సీసీబీ. 32 ఆంపుల చార్జర్ 7.4 కిలోవాట్లు లాగుతుంది, దానికి తగ్గట్టు డిస్కంలో లోడు పెంచుకోవాలి.

డీబీ ఆగ్నేయంలోనే ఉండాలంటున్నారు. రాక్ కూడా అక్కడేనా?

డీబీ ఆగ్నేయంలో పెట్టుకోండి, వైరింగుకు ఇబ్బందేమీ లేదు. రాక్ మాత్రం ఇంటి మధ్యకు దగ్గరగా, మెట్ల కిందో, అటక మీదో, గాలి ఆడేచోట ఉండాలి. బాత్రూం గోడకు ఆనించొద్దు. మూసిన బీరువాలో పెడితే తలుపుకు జల్లెడలా రంధ్రాలు పెట్టించండి. మే నెల ఎండకు రౌటర్ తనంతట తానే ఆగుతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ వేడే.

మేం అమెరికాలో ఉంటాం, అమ్మానాన్నలు ఈ ఇంట్లో ఉంటారు. వాళ్ళకు ఇబ్బంది కాకుండా ఎలా?

నెట్ పోయినా, ఫోన్ పోయినా, హబ్ చెడిపోయినా గోడ మీది ప్రతి స్విచ్ చేత్తో నొక్కితే పనిచేయాలి. మాడ్యూల్ ఎంపికలో మొదటి పరీక్ష ఇదే. టచ్ ప్యానెళ్ళ కన్నా టక్కుమని పడే మామూలు స్విచ్ వెనక మాడ్యూల్ దాచడం పెద్దవాళ్ళకు హాయి. చీకట్లో తడిమినా తెలుస్తుంది. మంచం నుంచి బాత్రూం దాకా అడుగు ఎత్తులో చిన్న ఫుట్ లైట్లు, మోషన్ సెన్సార్‌తో, ఇన్వర్టర్ మీద పెట్టించండి. మిగతా ఆటోమేషన్లన్నిటి కన్నా ముందు దీనికి డబ్బు పెట్టండి.

కెమెరా ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఆ ఖాతా ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరుతో తెరవనివ్వకండి. పని అయ్యాక ఇంటి చూపులన్నీ అతని ఫోన్‌లోనే ఉండిపోతాయి.

ఎలక్ట్రీషియన్‌కు చివరి విడత డబ్బు ఇచ్చేముందు ఏం తీసుకోవాలి?

స్లాబ్ పోయకముందు పైపుల ఫోటోలు, ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడ ఫోటో, పక్కన టేపు విప్పి పెట్టి. డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌ను తెంపే స్విచ్) ఏ గదిదో రాసిన కాగితం. ల్యాన్ పాయింట్లన్నీ టెస్టర్‌తో ఎనిమిది తీగలూ వెలిగి చూపించడం. ఒక్కో ఎంసీబీ దింపి, ఆ గది తప్ప వేరే ఏదీ ఆగడం లేదని తిరిగి చూడటం. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మీరే మీ చేత్తో నొక్కండి, అది వెంటనే పడాలి.